పెరటి బండలకు వాలు

వానే అరుదైన ప్రొద్దుటూరులో వాననీళ్లు ఎటు పోవాలో ముందుగా ఆలోచించేవాణ్ణి జనం జాలిగా చూస్తారు. పెరట్లో బండలు పరిపించుకుని, సాయంత్రాలు కుర్చీ వేసుకుని కూర్చుందామనుకున్నప్పుడు నన్నూ అలాగే చూశారు. జమ్మలమడుగు నుంచి నాపబండలు దిగాయి. మేస్త్రీ వచ్చి, బీడీ వెలిగించి, ఒకే ప్రశ్న అడిగాడు.

"వాలు యాడికి పెట్టాలప్పా?"

అలాంటి వాటికి జవాబు మా ఇంట్లో అమ్మ చెబుతుంది. అమ్మకు తెలియకపోతే పులివెందులలో ఉన్న మా మేనమామ చెబుతాడు. ఆయన వాస్తు చూస్తాడు. సెల్లులో వీడియో పెట్టి పెరడంతా చూపించమంటే చూపించాను. ఎండకు ఆయనకేమీ కనపడలేదు. అయినా చెప్పాడు.

"ఈశాన్యానికి పెట్టుకో అల్లుడూ. పడమరకు మాత్రం వద్దు. నీళ్లు పడమరకు పోతే ఇంట్లో లక్ష్మి గూడా పోతాది."

పడమర సందులో మురుగుకాలువ ఉంది. ఈశాన్యంలో ఉన్నది పక్కింటి మట్టిగోడ. ఆ గోడకు అవతలివైపు ఆనించి పక్కింటామె కుట్టుమిషను ఉంటుంది. భర్త కువైట్‌లో డ్రైవరు. మా అమ్మ రవికెలు ఆమె తప్ప ఇంకెవరు కుట్టినా చంకల్లో పట్టేస్తాయి.

"నీళ్లు నిలిస్తే ఆ గోడ నానిపోతుందమ్మా" అన్నాను.

అమ్మ ఆకాశం వైపు చూసింది. "వాన యాడుందిరా నిలిచేకి?"

వాన కోసం ఏటా టెంకాయ కొట్టే మనిషి ఆమె. బండలు పరిచే దగ్గరికొచ్చేసరికి మాత్రం వాన రాదని ఖాయంగా చెబుతుంది. మావాళ్లందరూ ఇంతే. మేస్త్రీ ఈశాన్యానికి వాలు పెట్టి మట్టి చదును చేశాడు.

నాకు ఒళ్లు మండింది. డ్రమ్ములో పట్టిపెట్టిన నీళ్లన్నీ తెచ్చి ఆ మట్టి మీద కుమ్మరించాను. అవి వాస్తు ప్రకారం బుద్ధిగా వెళ్లి, పక్కింటి గోడ మొదట్లో నిలబడ్డాయి.

"రేపు కొళాయి రాదు, తెలుసా?" అంది అమ్మ. గోడ సంగతి ఎత్తలేదు.

"మీరు ఒక మాట మీదికొస్తే నేను సిమెంటు మాలు కలుపుతా" అని మేస్త్రీ ఇంటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం అమ్మ రవికె గుడ్డ ఇచ్చి రావడానికి పక్కింటికి వెళ్లింది. తొందరగానే తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది.

"ఆ పిల్ల మిషను నడింట్లోకి జరుపుకుందిరా. దాని కాళ్ల కింద ఇటుకలు పెట్టింది."

"ఎందుకంట?"

"అడిగితే, ఊరికేలేమ్మా అంటాంది. గోడ అడుగున శానా చెమ్మ. నువ్వు పోసిన నీళ్లే. మనల్ని ఒక్క మాట అనలేదురా."

నాకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది. గోడ అవతలి నుంచి ఒక కేక వేసి తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మాత్రం ఇటుకలు వెతుక్కుంది.

మర్నాడు మేస్త్రీ ఇంకా బీడీ వెలిగించకముందే అమ్మ చెప్పేసింది. "పడమరకు పెట్టప్పా." ఎవరు చేరవేశారో, అంతలోనే పులివెందుల నుంచి ఫోన్ వచ్చింది. లక్ష్మి సంగతేందని మామ అరుస్తున్నాడు. "పనుండాది, పెట్టేయ్ అబ్బీ" అని అమ్మే పెట్టేసింది. మేస్త్రీ మట్టిగోడకు జానెడు ఎడం వదిలి, ఆ పక్క ఎత్తు చేసి, సందు వైపు వాలు దించాడు. ఆ రోజంతా అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. వాస్తును ఆమె నమ్ముతుంది, ఉత్తుత్తిగా కాదు.

దీపావళి దాటాక తుపాను వాన పట్టుకుంది. రాదన్న వాన మూడు రోజులు వదల్లేదు. బండల మీది నీళ్లన్నీ ఒక్కచోటా నిలవకుండా పడమరకు పారి కాలువలో పడుతున్నాయి. అమ్మ గడపలో నిలబడి చూస్తోంది. గోడకు అవతల మిషను చప్పుడు వినిపిస్తోంది, మళ్లీ గోడ పక్కనుంచే.

అమ్మ పారే నీళ్లకు దణ్ణం పెట్టింది.

"కాలువ కాడ నిలబడు లక్ష్మీతల్లీ," అంది. "ఇంగా దూరం పోవాకు."