పొద్దుగాలనా? దుపారీనా?

మా సుందరబాయి పెద్దమ్మ ఎవరినీ సలహా అడగకుండా తుమ్మనైనా తుమ్మదు. ఇది ప్రేమతో చెబుతున్న మాటే. ఆమెను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని నాందేడ్ అంతా తిప్పినవాణ్ణి కాబట్టి కొంచెం నడుంనొప్పితో కూడా చెబుతున్నాను. పప్పులో చింతపండు వేయాలా, టమాటా వేయాలా అన్నది మామూలు ఇళ్ళలో వంటింటి విషయం. ఆమెకు ఊరి విషయం. పాలవాణ్ణి అడుగుతుంది, పోస్టుమాన్‌ను అడుగుతుంది, కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాణ్ణి నిలబెట్టి అడుగుతుంది. అందరూ చెప్పింది తలూపుతూ శ్రద్ధగా వింటుంది. విన్నాక మామిడికాయ వేస్తుంది.

నేను ఆమె చెల్లెలి కొడుకును, ఉమాకాంత్‌ను. ఆమె ఇల్లూ మా ఇల్లూ ఒకే గల్లీ. నన్ను ‘ఉమ్యా’ అంటుంది. “ఉమ్యా, బండి తియ్యి” అందంటే ఎక్కడో ఎవరినో ఏదో అడగాల్సి వచ్చిందని అర్థం.

ఒకసారి ఇంటికి రంగు వేయించాలనుకుంది. ఆ వారమే పన్ను నొప్పి వచ్చింది. వజీరాబాద్‌లో పళ్ళ డాక్టరు నోట్లో మర పెట్టి ఉండగానే పెద్దమ్మ చేతులతో గోడ వైపు సైగలు చేయడం మొదలుపెట్టింది. ఆయన హడలిపోయి మర ఆపి, మరాఠీలో అవ్వా అని పిలుస్తూ అడిగాడు.

“నొప్పి బాగా ఉందా, ఆజీ?”

“నొప్పి గాదు డాక్టర్‌సాబ్. మీ గోడకు ఈ రంగు ఎవలు చెప్పిండ్రు? మా ఇంటికి నీలం మంచిగుంటదా, పసుపు మంచిగుంటదా?”

డాక్టరు నీలమన్నాడు. నర్సు పసుపు అంది. బయట బెంచీ మీద దవడలు వాచి కూర్చున్నవాళ్ళు కూడా చెంప పట్టుకునే తలా ఒక రంగు చెప్పారు. మా పెద్దమ్మ ఇల్లు ఇప్పుడు గులాబీ రంగులో ఉంది.

ఇంకోసారి ఏదో బ్యాంకు పిల్ల క్రెడిట్ కార్డు అంటగడదామని ఫోన్ చేసింది. పాపం, ఎవరికి చేసిందో ఆమెకేం తెలుసు! “కార్డు ముచ్చట తర్వాత, బిడ్డా. గుత్తొంకాయకు మీ ఇంట్ల పల్లీలు ఏంచి ఏస్తరా, పచ్చియే ఏస్తరా?” అని మొదలుపెట్టింది. ఆ పిల్ల సందేహం తీరక వాళ్ళమ్మను లైన్లోకి తెచ్చింది. కార్డు మేం తీసుకోలేదు గానీ ఆ పిల్లకు పెళ్ళి కుదిరినప్పుడు మాకు ఫోన్ వచ్చింది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. “ఎవ్వరి మాటా వినవు గదా పెద్దమ్మా, మరి ఎందుకు అడుగుతవు?”

“అడిగితే ఏం పోతదిరా? నోరేమన్న అరుగుతదా?”

నోరు అరగదు. నా పెట్రోలు అరుగుతుంది.

ఇక ప్రాచి సంగతికి వస్తాను. ప్రాచి పెద్దమ్మ మనవరాలు, ఆమె కొడుకు మంగేశ్ కూతురు. నాలుగేళ్ళ పిల్ల. కుక్కర్ కూత వేస్తే పడీ పడీ నవ్వుతుంది, ఎత్తుకున్నవాళ్ళ ముక్కు పట్టుకుని వదలదు. నడక ఆలస్యంగా వచ్చింది, మాటలు ఇంకా రాలేదు. పిల్ల ఎదుగుదల కొంచెం నిదానంగా ఉందనీ, ఇలాంటి పిల్లలకు విడిగా నేర్పించే బాలవాడీ ఉందనీ, ఎంత తొందరగా వేస్తే అంత మంచిదనీ డాక్టరు చెప్పాడు. ఆ బాలవాడీలో రెండు పూటలు. కొందరు పిల్లలకు పొద్దున, కొందరికి మధ్యాహ్నం భోజనాలయ్యాక. ఏదో ఒకటి మనమే ఎంచుకోవాలి.

ఇక్కడే వచ్చింది చిక్కు. ప్రాచికి నిద్ర అంటే మామూలు నిద్ర కాదు. మధ్యాహ్నం అయ్యేసరికి ఎక్కడుంటే అక్కడే ఒరిగిపోతుంది. చేతిలో జొన్నరొట్టె ముక్క ఉంటే అది చేతిలోనే ఉంటుంది. లేపితే గల్లీ చివరి దాకా వినబడేటట్టు ఏడుస్తుంది. పగలు అంత నిద్రపోయిన పిల్ల రాత్రి తొందరగా పడుకోదు, రాత్రి పడుకోని పిల్ల పొద్దున లేవదు. పొద్దున బడికి వేస్తే లేవని పిల్లను లేపాలి. మధ్యాహ్నం బడికి వేస్తే పడుకున్న పిల్లను లేపాలి.

ఇలాంటి చిక్కు మా పెద్దమ్మకు దొరికిందంటే ఇంకేముంది! బండి తియ్యమంది. ముందు బాలవాడీకి వెళ్ళాం. నేను బయట బండి దగ్గరే ఉన్నాను. ఆమె లోపల శీతల్ టీచర్‌తో మాట్లాడి, కొంగు నడుముకు చుట్టుకుంటూ వచ్చింది. ఆ సాయంత్రమే గల్లీలో విచారణ మొదలైంది.

“మా ప్రాచి స్పెషల్ బాలవాడీకి పోతది. పొద్దుగాల లెవ్వది, దుపారీ పంటది. నువ్వేమంటవ్, పొద్దుగాలనా, దుపారీనా?”

దుపారీ అంటే మధ్యాహ్నం. మరాఠీ మాటే గానీ మా ఇళ్ళలో ఎన్నడో తెలుగైపోయింది. ఇడ్లీబండి మారోతిని అడిగింది. “పొద్దుగాలనే, అవ్వా! పొద్దుగాల మెదడు ఇడ్లీ తీరు మెత్తగుంటది, దుపారీకి గట్టిపడ్తది” అన్నాడు. టైలర్ యోగేశ్‌ను అడిగింది. “పిల్ల నిద్ర చెడగొడ్తవా ఆజీ? జెర పండనిచ్చి దుపారీకే పంపు” అన్నాడు. ఈ మాట మీద మారోతికీ యోగేశ్‌కూ మాటామాటా పెరిగింది. యోగేశ్ ఇడ్లీలు మానేసి పోహా తినడం మొదలుపెట్టాడు. ఆటోస్టాండ్‌లో పొద్దుగాల పార్టీ, దుపారీ పార్టీ అని రెండు తయారయ్యాయి. నేను పాలకు పోతే పాలవాడు పాలు పోయకుండా, “ఏం తేలింది?” అని అడిగాడు.

ఇందరికి ఇంత వినోదంగా ఉన్న సంగతి ఒక్కరికి మాత్రం ప్రాణసంకటమైంది. ఆమె ప్రాచి తల్లి, మా దీపాలి వదినె. ఇస్లాపూర్ పిల్ల, నవ్వితే ఇల్లంతా నవ్వినట్టుండేది. రెండేళ్ళ కింద ఏదో పెళ్ళిలో ఒకావిడ ప్రాచిని చూసి, “అయ్యో పాపం, ఇంత సక్కదనమున్న పిల్లకు ఏం రాతనో!” అంది. అంతే, ఆ రోజు నుంచి వదినె పిల్లను నలుగురిలోకి తీసుకుపోవడం మానేసింది. దవాఖానకు పోయినా వెనక సందు నుంచే పోయేది, పిల్ల మీద కొంగు కప్పి మరీ.

చైత్రమాసంలో మా దగ్గర ఆడవాళ్ళు ఒకరినొకరు పసుపు కుంకానికి పిలుచుకుంటారు. మామిడికాయ పన్నా ఇస్తారు, నానబెట్టిన శనగలతో ఒడి నింపుతారు. ఆ యేడు పెద్దమ్మ గల్లీ మొత్తాన్ని పిలిచింది. కుర్చీలు మోయడానికి నేను ఉండనే ఉన్నాను. విమలాబాయి కూడా వచ్చింది. ఎదురింటి మనిషి, మనసు చెడ్డది కాదు గానీ నోటికి తలుపు లేదు. పన్నా రెండు గుక్కలు తాగి గొంతు సవరించుకుంది.

“అవును గానీ సుందరా, ఆ పిల్లకు అసలు ఏమైందే? పుట్టుకతోనేనా, లేకుంటే…”

వంటింటి తలుపు వెనక వదినె గ్లాసులు కడుగుతోంది. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

“అది పక్కకు పెట్టు విమలా,” అంది పెద్దమ్మ, ఆమె గ్లాసు మళ్ళీ నింపుతూ. “నలుగురు పిల్లలను పెంచి పెద్ద చేసినదానివి. నిన్ను గాక ఎవరిని అడగాలె? నిద్రపిల్లను పొద్దుగాల లేపుడు సులువా, దుపారీ లేపుడు సులువా?”

విమలాబాయి అడగబోయింది మరిచిపోయింది. తన నలుగురు పిల్లలు ఎవరు ఎట్లా లేచేవారో ఒక్కొక్కరిదీ చెప్పింది. తడిగుడ్డతో మొహం తుడవాలంది. పక్కనున్నావిడ కాదు, అరికాళ్ళు రాయాలంది. ఇంకొకావిడ పాట పాడాలంది, పాడి చూపించింది కూడా. పసుపు కుంకాలు పక్కనపెట్టి ఆడవాళ్ళంతా రెండుగా చీలి వాదించుకుంటూ పోయారు.

వాళ్ళు పోగానే వదినె బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నా బిడ్డ ముచ్చట ఊరంత దండోర ఏసిండ్రు గదా, అత్తమ్మా! ఇడ్లీబండి కాడ, దర్జీ దుకాణంల, ఆటోలల్ల… ఇంక ఎవలకు చెప్పలే? పొద్దుగాల లేదు, దుపారీ లేదు. నేను ఏ బడికీ పంప. నా బిడ్డ నా దగ్గరనే ఉంటది.”

మంగేశ్ చెప్పి చూశాడు, నేను చెప్పి చూశాను. వదినె కదల్లేదు. పిల్లకు ఈ యేడు పోతే మళ్ళీ వచ్చే యేడే, డాక్టరేమో ఆలస్యం వద్దన్నాడు. అదే మా అందరి బెంగ.

ఆ తర్వాత కొన్నాళ్ళు పెద్దమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. నా కళ్ళ ముందే సొరకాయ కొంది, లేతదా ముదురుదా అని పక్కవాణ్ణి అడగకుండా కొంది! నాకు భయమేసింది. బీపీ చూపిద్దామా అని నేనే నలుగురిని సలహా అడిగాను.

బడి తెరిచే రోజు వచ్చింది. మంగేశ్ రైల్వే డ్యూటీకి పోయాడు. ఎందుకైనా మంచిదని నేను స్టాండులో ఆటో మాట్లాడి పెట్టి వాళ్ళింటికి వెళ్ళాను. వదినె మంచం మీద గోడకేసి తిరిగి కూర్చుంది. పక్కన ప్రాచి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. పెద్దమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది, రాళ్ళు లేని బియ్యం.

అప్పుడు తలుపు చప్పుడైంది. విమలాబాయి. చేతిలో తడిగుడ్డ.

“లేసిందా? ఇవాళ బడి గదా! ఎన్ని గంటలకు పోతుండ్రు?”

ఎవరైనా జవాబు చెప్పేలోపు మారోతి వచ్చాడు, ఆకులో రెండు వేడి ఇడ్లీలతో. “వాసనకే లేస్తది సూడు. పొద్దుగాలనే అని నేను చెప్పిన్నా లేదా?” అన్నాడు. వాడి వెనకే యోగేశ్. “నేను ఓడిపోయినట్టు గాదు. ఏమైతదో సూద్దామని అచ్చిన,” అంటూ పిల్ల కోసం కుట్టిన చిన్న సంచీ ఒకటి అందించాడు. పాలవాడు వచ్చాడు. పసుపు కుంకం రోజు పాట పాడినావిడ వచ్చింది, రావడమే పాడుతూ వచ్చింది. ఎండాకాలమంతా వాదించినవాళ్ళు తీర్పు వినకుండా ఇళ్ళల్లో ఎట్లా కూర్చుంటారు!

ఒక పిల్లను లేపడానికి గల్లీ సగం ఆ గదిలో దూరింది. ఒకరు అరికాళ్ళు రాస్తున్నారు, ఒకరు మొహం తుడుస్తున్నారు. ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలియదు. ఇంతలో ప్రాచి ఒక కన్ను తెరిచింది. వంగి ఉన్న విమలాబాయిని చూసి ఆమె ముక్కు గట్టిగా పట్టుకుంది.

“అగ్గ బాయీ! ఇడువవే పోరీ!” అని ముక్కుతో అరిచింది విమలాబాయి. ప్రాచి కిలకిలా నవ్వింది. గదంతా నవ్వింది. ఎన్నాళ్ళకో మా వదినె కూడా నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూనే ఏడ్చింది.

తర్వాత ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. విమలాబాయి పిల్లకు జడ వేసింది, ఇంకా ముక్కు రుద్దుకుంటూనే. వదినె పిల్లను ఎత్తుకుని ముందు గుమ్మం లోంచే బయటికి వచ్చింది. ఆటోస్టాండ్ దాకా గల్లీ అంతా నడిచింది. దారి పొడుగునా ఒకే మాట, “ఆఖరికి పొద్దుగాలనేనా?” “పొద్దుగాలనే!” అని. గెలిచినవాళ్ళు మురిశారు, ఓడినవాళ్ళు సణిగారు. ‘అయ్యో పాపం’ అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

బాలవాడీలో శీతల్ టీచర్ ప్రాచిని ఎత్తుకుంది. వదినె బెరుగ్గా అడిగింది.

“మేడం, మేం పేరు రాయించలే. పొద్దుగాల జాగ ఉన్నదా?”

“అదేంది? ఆజీ ఎండాకాలం ముందే అచ్చి, పొద్దుగాల పూటనే పక్కా చేసుకొని పోయింది గదా! నేను దుపారీ అంటే కూడా ఇనలే.”

నేనూ వదినె పెద్దమ్మ వైపు తిరిగాం. ఆమె గోడ మీది బొమ్మలు మహా శ్రద్ధగా చూస్తోంది.

“పక్కా చేసినంక ఊరందరిని ఎందుకు అడిగినవు?” అన్నాను. నా పెట్రోలంతా కళ్ళ ముందు తిరిగింది.

పెద్దమ్మ నాకు చెప్పలేదు, కోడలికి చెప్పింది. “జనాలు నోరు మూసుకొని ఉండరు, బిడ్డా. మనం ముచ్చట ఇయ్యకుంటే వాళ్ళే ఒకటి తయారు చేసుకుంటరు. అందుకే ముందుగాల నేనే ఒకటి ఇచ్చిన. సలహా చెప్పేటోడు జాలిపడడు, కొట్లాడ్తడు.” మెల్లగా ఇంకో మాట అంది. “నీకు ముందే చెప్పకపోతి. నిన్ను ఏడిపిస్తి.”

వదినె అత్తగారి కొంగు చివర పట్టుకుని నిలబడింది.

బడి వదిలే వేళకు ప్రాచికి నిద్ర వేళ అయింది. వదినె భుజం మీద అలవాటుగా ఒరిగిపోయింది. ఆటో కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే, కూరగాయల సంచీతో ఒక కొత్తావిడ మా పక్కకు వచ్చింది. పిల్లను చూసింది, వెనక బాలవాడీ బోర్డు చూసింది.

“ఏమైందమ్మా పిల్లకు?”

పెద్దమ్మ నోరు తెరిచింది. కానీ వదినె చేయి పిల్లను కప్పడానికి కొంగు మీదికి పోలేదు. పిల్ల మొహం మీద పడ్డ జుట్టు సవరించింది.

“మంచిగనే ఉన్నదక్కా. మాటలు జెర ఆలస్యం, అందుకే ఈ బడికి పోతది. ఇవాళనే మొదలు.” ఆ కొత్తావిడ మొహంలోకి సూటిగా చూసింది. “రాత్రి పన్నదంటే పొద్దుగాల లెవ్వది. మీ పిల్లలు గిట్లనే చేసేదా? ఎట్ల లేపేది మీరు?”

ఆవిడ సంచీ కింద పెట్టి, కొంగు దోపుకుని, మొదలుపెట్టింది. మా పెద్దమ్మ మొదటిసారి, తాను అడగని సలహాను తలూపుతూ చివరిదాకా విన్నది. ఆటో వచ్చి మా ముందు ఆగింది. నేనే చెయ్యి ఊపి పొమ్మన్నాను.