స్టాన్‌మోర్‌లో నిరాహారదీక్ష

పొద్దున్నే ఆ పెద్దాయన ఇంటికెళ్ళి స్నానం చేయించి, మాత్రలు వేసి, టిఫిన్ పెట్టడం అప్పట్లో నా ఉద్యోగం. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ ప్రభుత్వం మీద పోరాడి జైలుకెళ్ళారు. ఆ ప్రభుత్వం పోయాక పార్లమెంటు మెంబరయ్యారు, తర్వాత రాయబారి. అప్పటికి లండన్ శివారు స్టాన్‌మోర్‌లో ఒక ఫ్లాట్‌లో ఒంటరిగా, షుగర్ జబ్బుతో, నా ఉప్మా మీద బతుకుతున్నారు. వాళ్ళ అవ్వ దక్షిణాఫ్రికా చెరకు తోటల్లో కూలికని ఓడెక్కిన తెలుగావిడట. ఆవిడ దగ్గర నేర్చిన నాలుగు ముక్కలతో నన్ను 'అమ్మాయి' అనేవారు. నేను అంకుల్ అనేదాన్ని.

ఒక సోమవారం మా కంపెనీ నుంచి కొత్త రోటా, అదే డ్యూటీల పట్టిక, వచ్చింది. వచ్చే నెల నుంచి నాకు లండన్‌లోనే ఇంకో మూల, హేస్‌లో డ్యూటీ. చెప్పగానే చెంచా కింద పెట్టేశారు.

"నిన్నడక్కుండానే పంపేస్తారా? ఇది అన్యాయం, అమ్మాయి. నేను ముద్ద ముట్టను."

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. హేస్ అడిగింది నేనే. మా ఇల్లు అక్కడే. స్టాన్‌మోర్ రావాలంటే బస్సులు మారి మారి రావాలి, పిల్లకు జడ వేసే టైము కూడా ఉండదు. కానీ ఆ పెద్దాయన ముఖం చూసి, "ఏం చేస్తాం అంకుల్, కంపెనీవాళ్ళు వేశారు" అనేశాను. అంత చిన్న అబద్ధానికి నిరాహారదీక్ష పుడుతుందని ఎవరనుకుంటారు? కందకు లేని దురద కత్తిపీటకొచ్చింది.

ఆయనలోని ముగ్గురూ ఒకేసారి లేచారు. పోరాటయోధుడు మధ్యాహ్నం, రాత్రి తిండి మానేశాడు. రాజకీయ నాయకుడు కౌన్సిలర్‌కు ఫోన్ చేశాడు. రాయబారి మర్నాడు పొద్దున్నే మా మేనేజర్‌ను టీకి పిలిచి, ఎంతో మర్యాదగా నిలదీశాడు. నా అర్జీ సంగతి ఆవిడకు తెలుసు, కానీ రూలు ప్రకారం బయటికి చెప్పకూడదు. నన్ను కొరకొరా చూస్తూ, నీళ్ళు నమిలి, బిస్కెట్లు నమిలి వెళ్ళిపోయింది.

తర్వాత డాక్టరుగారి క్లినిక్ నుంచి నర్సు వచ్చి షుగర్ చూసింది. ఇలా తిండి మానేస్తే కేర్ హోమ్‌కు, అంటే వృద్ధాశ్రమానికి, పంపాల్సిందేనంది. నా బస్సుల గొడవకు ఆయన ఇల్లు పోయేట్టుంది.

వంటింట్లోకెళ్ళి గ్లాసుడు నిమ్మరసం కలిపి తెచ్చాను.

"ఇదేమిటి?"

"మా గుంటూరులో దీక్ష ఆపేవాళ్ళకి ఇదే ఇస్తారంకుల్. తాగండి. హేస్ అడిగింది నేనే. మీ మొహం చూసి చెప్పలేక అబద్ధమాడా."

ఆయన గ్లాసు అందుకుని ఒక గుక్క తాగారు. తిడతారనుకున్నాను.

"జైల్లో పదకొండు రోజులు మాడాను. అప్పుడు ఎవరికోసం మాడుతున్నామో వాళ్ళను ముందే అడిగాం," అన్నారు. "ముసలితనంలో అది మర్చిపోయాను. ఉప్మా ఉందా?"

తిన్నాక మేనేజర్‌కు ఫోన్ చేశారు. నన్ను పంపడం ఘోరమని పొద్దున వాదించిన నోటితోనే, పంపకపోతే ఘోరమని అంతే గంభీరంగా వాదించారు. "రెండు పక్షాలకూ గౌరవమైన ఒప్పందం" అని ఫోన్ పెట్టేశారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చివరి రోజు, "ఆదివారం చర్చి అయ్యాక రా. ఆ రోజు నీకు డ్యూటీ లేదు," అన్నారు. వెళ్ళాను. అలవాటుగా వంటింట్లోకి పోబోతే చేతికర్ర అడ్డం పెట్టి కుర్చీ చూపించారు. వణికే చేతులతో తనే టీ పెట్టి తెచ్చారు. సగం సాసర్లోనే ఉంది. రెండేళ్ళుగా ఆ ఇంటికి వెళ్తున్నాను, అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. టీ పరమ చేదుగా ఉంది. ఇంకో కప్పు అడిగాను.