శాంతికుమార్ మూసిన దారి

శాంతికుమార్ పావుగంటసేపు కుదురుగా కూర్చోవడం పలాసలో ఎవరూ చూడలేదు. ఫోన్ మాట్లాడుతూ నడిచేవాడు. చర్చిలో కూడా చివరి బెంచీ అంచున కూర్చుని, పాట మధ్యలో ఒకసారి బయటికి వెళ్లి వచ్చేవాడు. టెక్కలిలో డిగ్రీ చదివాడు. కంప్యూటర్ పని మాత్రం ఎవరూ నేర్పలేదు, పుస్తకాలు ముందు పెట్టుకుని తానే నేర్చుకున్నాడు.

2008లో అతను ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేవాడు. ఉద్దానం పల్లెల్లోని కిడ్నీ రోగుల కోసం కొందరు డాక్టర్లు కలిసి నడిపే ల్యాబు అది. పూండి, మందస, భావనపాడుల్లో వాళ్లకు మూడు చిన్న క్లినిక్కులు ఉండేవి. పొద్దున్నే అక్కడినుంచి రక్తం సీసాలు ఐసు డబ్బాల్లో బస్సెక్కి వచ్చేవి. సాయంత్రానికి రిపోర్టులు పలాస సర్వర్‌లో చేరేవి. క్లినిక్కుల్లోని నర్సులు ఇంటర్నెట్‌లో వాటిని తెరిచి చూసుకునేవారు. ఆ సర్వర్ బాధ్యతంతా శాంతికుమార్‌దే.

జూలైలో ఒక సోమవారం, ఆ సర్వర్‌కి ఎవరెవరు వచ్చిపోతున్నారో చూద్దామని లాగ్ తెరిచాడు. ఎక్కడెక్కడి ఇంటర్నెట్ నంబర్లనుంచో ఒక్కరోజులో రెండు వేలసార్లు ఎవరో పాస్‌వర్డ్ ఊహించి లోపలికి రావాలని చూశారు. ఆ సర్వర్‌లో నాలుగు వేలమంది పేర్లు, ఊళ్లు, జబ్బులు ఉన్నాయి. ఏ ఇంట్లో ఎవరికి కిడ్నీలు పాడయ్యాయో బయటపడితే ఆ ఇంటికి సంబంధాలు రావు. ఆ మధ్యాహ్నం అతను క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

మర్నాడు ఫైర్‌వాల్ నిబంధనలన్నీ తిరగరాశాడు. సర్వర్‌కి వచ్చే ప్రతి పిలుపూ ఏ నంబరునుంచి వస్తోందో చూసి, రానివ్వాలో వద్దో తేల్చే పట్టిక అది. మూడు క్లినిక్కుల నంబర్లను మాత్రమే రానివ్వమన్నాడు. మిగతా ఎవరు పిలిచినా జవాబే ఇవ్వకుండా ఊరుకోమన్నాడు. వెంటనే పూండి నర్సు దయమ్మకు ఫోన్ చేశాడు.

"రిపోర్టు తెరుచుకుందా సిస్టర్?"

"తెరుసుకుంది బాబూ, బాగానే కనబడతంది."

బుధవారం మధ్యాహ్నం పూండిలో కరెంటు పోయి వచ్చింది. క్లినిక్కులోని మోడెం ఆగి మళ్లీ వెలిగింది. వెలిగిన ప్రతిసారీ దానికి కొత్త నంబరు వస్తుందన్న సంగతి శాంతికుమార్‌కి తెలియంది కాదు. ఆ హడావిడిలో తట్టలేదు, అంతే.

గురువారం లాగ్ చూస్తే రెండు వేలు నలభైకి దిగింది. కానీ ఆ నలభైలో సగం ఒక్క నంబరువే. పది నిమిషాలకోసారి వస్తోంది, జవాబు లేకపోయినా మళ్లీ వస్తోంది. ఇంత మొండివాడెవడు అనుకున్నాడు. ఆ నంబరు కోసమే పట్టిక పైవరసలో ఒక నిబంధన రాసి అడ్డుకట్ట వేశాడు. శుక్రవారం కూడా వాడు మానలేదు. శాంతికుమార్ ల్యాబు వరండాలో అటూ ఇటూ తిరిగాడు. టీ తాగి వచ్చి చూశాడు, మళ్లీ చూశాడు.

శనివారం పదకొండింటికి, మూడు రోజుల లాగ్ అచ్చు తీసి పెన్నుతో గీతలు పెడుతూ ఉంటే చెయ్యి ఆగిపోయింది. వాడు రోజూ తొమ్మిదిన్నరకు మొదలుపెడుతున్నాడు. ఒంటిగంటకు ఆపుతున్నాడు. రెండింటికి మళ్లీ వచ్చి అయిదింటికి మానేస్తున్నాడు. పాస్‌వర్డ్ అడిగే ద్వారం ఒక్కసారీ తట్టలేదు. తట్టిందల్లా రిపోర్టుల పేజీ ఉండే ద్వారం ఒక్కటే. నంబరులో మొదటి రెండు భాగాలు పూండి పాత నంబరువే.

అతను ఫోన్ అందుకున్నాడు.

"సిస్టర్, రిపోర్టులు వస్తున్నాయా?"

"ఎక్కడ బాబూ! మూడు రోజులై తిరుగుతానే ఉంది, పేజీ రాదు. నెట్టు నెమ్మదేమో అనుకున్నాను. గడియకోపాలి నొక్కుతానే ఉన్నాను."

"మరి నాకు ఫోన్ చెయ్యలేదేం?"

"మొన్నోపాలి సేత్తే కసురుకున్నావు గదా, ప్రతి సిన్నదానికీ సెయ్యొద్దని. సోమవారం కాయితాలు బస్సులో వత్తాయిలే అని ఊరుకున్నాను."

శాంతికుమార్ ఫోన్ భుజానికి, చెవికి మధ్య నొక్కిపట్టుకుని పూండి రిపోర్టులు తెరిచాడు. పదకొండు ఉన్నాయి. ఒకదానిలో ప్రమాదాన్ని చూపే ఎర్రటి గుర్తు ఉంది. గురువారం సాయంత్రం పెట్టిన రిపోర్టు.

"అప్పలరాజు, యాభై రెండేళ్లు. పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిది."

"ఒలమ్మో!" అంది దయమ్మ. "గుండాగిపోద్ది బాబూ! ఆ మనిషి సముద్రం దరినుంటాడు. ఫోన్ నేదు."

"మీరు బయటికి వచ్చి నిలబడండి. వస్తున్నాను."

పైవరసలో రాసిన నిబంధన చెరిపేసి, పూండి కొత్త నంబరు చేర్చి, మోటార్ సైకిల్ తీశాడు. పూండి చేరి దయమ్మను వెనక ఎక్కించుకున్నాడు. జీడితోటల మధ్య ఇసుక దారిలో బండి రెండుసార్లు జారింది. వెనకనుంచి ఆమె ఏదో అంటూనే ఉంది. గాలికి అతనికి ఒక్క మాటా వినపడలేదు.

అప్పలరాజు పాక ముందు నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోతున్నాడు. భార్య పోలమ్మ కత్తితో కొబ్బరి బొండాం చెక్కుతోంది.

"అది ఇయ్యకే!" దయమ్మ బండి ఆగకముందే దిగి పరుగెత్తింది. "ఎన్ని తాగినాడు?"

పోలమ్మ బిత్తరపోయింది. "నీరసమంతన్నాడని రోజుకి రెండేసి ఇత్తన్నానమ్మా. సలవ సేత్తాది గదా?"

"కొబ్బరినీళ్ల నిండా పొటాషియమే, ఈయన వంటికది ఇసం. నీళ్లు కూడా కొలిసే ఇయ్యాల."

శాంతికుమార్ అప్పటికే 108కి ఫోన్ చేస్తున్నాడు. వ్యాన్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ అతను రోడ్డు దాకా వెళ్లి వస్తూనే ఉన్నాడు. దయమ్మ అప్పలరాజు నాడి పట్టుకుని, వేళ్లు కదపకుండా, ఆ మంచం పక్కనే నేల మీద కూర్చుంది.

అప్పలరాజును ముందు శ్రీకాకుళం, అక్కడినుంచి విశాఖ తీసుకెళ్లారు. అదే సాయంత్రం డయాలసిస్ చేశారు. మనిషి బతికాడు.

సోమవారం శాంతికుమార్ ల్యాబు పెద్ద డాక్టర్ ధర్మారావు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన అచ్చు కాగితాల మీది పెన్ను గీతలు ఒక్కొక్కటే చూశాడు.

"ఎర్ర గుర్తు వస్తే క్లినిక్కుకు ఫోన్ చెయ్యాలన్న నియమం మనకెందుకు లేదయ్యా?" అన్నాడు చివరికి. "అది నా తప్పు. మిగతాది నీది."

ఆ వారమే రెండు పనులు జరిగాయి. ఎర్ర గుర్తు పడిన ప్రతి రిపోర్టుకూ ల్యాబునుంచి ఫోన్ వెళ్లాలని నియమం వచ్చింది. నంబర్లు మారినా ఇబ్బంది లేకుండా, ఏ క్లినిక్కుకు ఆ క్లినిక్కుకు వేరే గుర్తింపు ఫైలు తయారుచేసి శాంతికుమార్ తానే వెళ్లి అక్కడి కంప్యూటర్లలో పెట్టి వచ్చాడు.

నెల తర్వాత అప్పలరాజు ఇంటికి ఒక్కడే వెళ్లి అదంతా ఒప్పుకున్నాడు. అప్పలరాజు సగం విని చెయ్యి అడ్డం ఊపాడు.

"నీ కంప్యూటర్ పెట్టి సంగతి నాకేటి తెలుత్తాది బాబూ. బొండాలు తాగినోడిని నాను. నువ్వొచ్చినావు, సాలు. కూకో."

శాంతికుమార్ కూర్చున్నాడు కానీ టీ పూర్తికాకముందే లేచాడు. ఆ మాటతో అతనికి ఊరట కలగలేదు.

తర్వాత రెండేళ్లపాటు ప్రతి గురువారం అతను పొద్దుటి ప్యాసింజరెక్కి పూండి వెళ్లేవాడు. దయమ్మ టేబుల్ దగ్గర మరో కుర్చీ వేసుకుని, ఆమె తెరిచే ప్రతి పేజీ ఆమె పక్కనుంచే చూసేవాడు. ఎక్కడ ఆలస్యమవుతోందో, ఏ మాట ఆమెకు అర్థం కావడం లేదో రాసుకునేవాడు. ఎక్కువసేపు నిలబడే రాసుకునేవాడు. దయమ్మ మందుల బీరువా తాళం తీస్తూ, "దారికడ్డం నిలబడకు బాబూ, పేసెంట్లు రావాల" అని పక్కకు జరిపేది.