మరదలి మీదికి నెట్టిన స్పానిష్ మాట

మొన్న మాదాపూర్‌లోని మా ఆఫీసులో, యంత్రం స్పానిష్‌లోకి మార్చిన మందుల కరపత్రాన్ని ఒక్కొక్క వాక్యమే చదువుతూ కూర్చుంటే, నా కొడుకు వయసున్న మేనేజరు వచ్చి "సార్, ఇంకా చదువుతున్నారా అండీ? ఓకే కొట్టేయండి, అయిపోతుంది" అని నవ్వాడు. కొట్టనన్నాను. ఎందుకు కొట్టనో అతనికి చెప్పలేదు. మీరు నా వయసువాళ్లు, మీకు చెబుతాను.

హైటెక్ సిటీలో అద్దాల మేడలు ఇంకా లేస్తున్న రోజుల్లో నేను ఇదే పనిలో టీమ్ లీడర్‌ని. మా ఆవిడ చెల్లెలు, అంటే నా మరదలు, స్పానిష్ నేర్చుకుని నా కిందే చేరింది. అప్పటి మా పద్ధతి తలచుకుంటే సిగ్గేస్తుంది: వాక్యాలు తీసేసి, ఇంగ్లీషు మాటలను మాత్రం పట్టికగా ఇచ్చేవాళ్లం, పక్క గడిలో స్పానిష్ మాట నింపితే అది కరపత్రమంతటా దానంతటదే చేరిపోయేది, అసలు కాగితం నా దగ్గరే ఉండేది. ఒకరోజు పట్టికలో 'డిశ్చార్జ్' వచ్చింది. "బావా, జర ఆగు. ఇది దవాఖాన నుంచి ఇంటికి పంపుడా, పుండుల నుంచి చీము కారుడా? స్పానిష్‌ల రెండిటికి రెండు మాటలుంటయి. వాక్యం చూపియ్యి" అంది. ఒక్క నిమిషం పని. కానీ అందరికంటే ముందు పని పంపేవాడినన్న పేరు మీద నాకు మోజు. "ఫికర్ చెయ్యకు, దవాఖానదే అయితది, పెట్టెయ్" అన్నాను.

అచ్చుకు ముందు స్పెయిన్‌లో ఎవరో చదివారు కాబట్టి సరిపోయింది: గాయం నుంచి ఇంటికి పంపడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పమని ఉంది అందులో. ఎవరు పెట్టారని పెద్ద మేనేజరు అందరి ముందూ అడిగితే, మరదలు పక్కనే నిలబడి ఉండగా, "కొత్తమ్మాయి, చూసుకోలేదు" అన్నాను. ఆమె నన్నొకసారి చూసి తల దించుకుంది. వారం తిరక్కుండా ఆమె ఉద్యోగం పోయింది. ఇంట్లో మాత్రం బస్సు ప్రయాణం పడక మానేశానని చెప్పి, అక్క దగ్గర నా పరువు కాపాడింది.

పోయిన ఏడాది తెల్లాపూర్‌లో మరదలి ఇంటికి వెళ్లి, మా ఆవిడ ముందే తప్పు నాదని ఒప్పుకున్నాను. "ఇన్నేండ్లకు నోరొచ్చిందా బావా? మల్ల ఆ స్పానిష్ నేను ముట్టలే, ఎర్కేనా" అంది నవ్వకుండా. క్షమించానని ఆమె అనలేదు, అనమని నేనూ అడగలేదు.

ఆ రోజుల్లో తప్పు నెట్టేయాలంటే పక్కన ఒక మనిషి కావలసి వచ్చేది, ఆ మనిషి కళ్లు చూడవలసి వచ్చేది. ఇప్పుడు యంత్రం మీదికి నెట్టేస్తే ఎవరి కళ్లూ చూడనక్కర్లేదు, అంతే మారింది. నేను నెట్టను. ముసలాయన నెమ్మది అంటే అననీ, రేపటి నుంచి రావద్దంటే మానేస్తాను. నా చేతుల మీదుగా వెళ్లే కాగితాన్ని మాత్రం చదివే పంపుతాను.