సలోమి అక్కకు నేర్పని వాక్యం

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు నాది. చదివిన పుస్తకాల గురించి, బడిలో పిల్లల గురించి, ఏమీ లేకపోతే వాన గురించైనా రాస్తాను. దీని దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెన్నుకు మూత పెట్టేస్తాను. పదేళ్ళ వయసులో చేసిన పని. ఇప్పుడు నాకు ఇరవై నాలుగు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను టెక్కలిలో ఒక చిన్న బడిలో ఒకటో తరగతికి చెప్తాను. డిసెంబరు వస్తే తోటి టీచర్లు మీ ఊళ్ళో క్రిస్మస్ ఎలా చేస్తారని అడుగుతారు. నేను ఎక్కువగా మాట్లాడే మనిషిని కాను. అయినా ఆ ఒక్కటీ ఇష్టంగా చెప్తాను. మాది ఉద్దానంలో, రాత్రిళ్ళు సముద్రం హోరు వినిపించే ఊరు. వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించి నాన్న కట్టే నక్షత్రం. తోరణాలకు కలిపిన మైదా జిగురును చాటుగా నాకే పిల్లలు. తీరం తోటలోంచి కోసుకొచ్చి చర్చిలో నిలబెట్టే సరుగుడు కొమ్మ, మంచు అనుకోమని దాని మీద పరిచే దూది. మంచు ఎలా ఉంటుందో మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. దూది మాత్రం ధారాళంగా వేసేవాళ్ళం. ఆటలకు తాటికాయల బండ్లు, కొబ్బరాకు బూరలు, గోళీల బదులు జీడిపిక్కలు. కొన్న బొమ్మ మాలో ఎవరికీ లేదు. అక్కడిదాకా చెప్పి ఆపేస్తాను. ఆ తర్వాత చెప్పాల్సింది బొమ్మ గురించి.

గల్ఫ్‌లో వెల్డింగ్ పనికి వెళ్ళిన మా సంఘస్థుడొకాయన ఆ ఏడు సండే స్కూలు మొదటి బహుమతికని ఒక బొమ్మ పంపాడు. నీలం గౌను, బంగారు రంగు జుట్టు. పడుకోబెడితే కళ్ళు మూసుకునేది. లేపితే తెరిచేది. పాస్టరు గారి భార్యను మేం అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ దాన్ని ఒక్కసారి చూపించి బీరువాలో పెట్టేశారు. దేవదూత గొర్రెల కాపరుల దగ్గరికి వచ్చే భాగమంతా పండుగ రోజు తప్పు లేకుండా అప్పచెప్పిన పిల్లకే ఇది అన్నారు. ఆ క్షణమే అది నాదైపోయింది. వాక్యాలు కంఠతా పట్టడంలో నాకెవరూ సాటి లేరు. సలోమి అక్క తప్ప.

సలోమి మా పెద్దమ్మ కూతురు. నాకంటే రెండేళ్ళు పెద్దది. పెదనాన్నకు కిడ్నీలు పాడై డయాలసిస్‌కు తిరుగుతుంటే, పెద్దమ్మ ఆయన వెంటే ఉండాల్సి వచ్చి, ఆ ఏడాది అక్కను మా ఇంట్లో ఉంచారు. అప్పటికే అక్క బడి చాలా పోయింది. కూడబలుక్కుని చదివేది. వరుస చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేది. కానీ చెవిన పడ్డది మాత్రం మరిచేది కాదు. ఏ పాటైనా ఒక్కసారి వింటే చాలు. తనకు బొమ్మ మీద ఆశ లేదు. పండక్కి వాళ్ళ నాన్న వస్తున్నాడు. ఆయన ముందు నిలబడి చెప్పాలి. అంతే. నువ్వు చదువుతూ ఉండు, నేను విని పట్టేస్తాను అని నన్ను అడిగింది.

సాయంత్రాలు పెరట్లో కొబ్బరి పీచు డొక్కల కుప్ప పక్కన కూర్చునేవాళ్ళం. నేను చదివేదాన్ని. అక్క చెప్పేది. నేను చెప్తే పాఠంలా ఉండేది. అక్క చెప్తే ఎవరో నిజంగా పొలంలో నిలబడి ఆకాశం చూస్తున్నట్టు ఉండేది. పొయ్యి దగ్గరున్న అమ్మ కూడా గరిటె ఆపి వినేది. నా చదువుకు అమ్మ ఎప్పుడూ గరిటె ఆపలేదు. నాలో విషం పుట్టింది అప్పుడేనా? బొమ్మ కోసమే చేశాననుకుంటూ వచ్చాను. ఆ గరిటె కోసం కూడానేమో.

దూత కనబడగానే కాపరులు వణికిపోతారు. వెంటనే దూత వాళ్ళకు ధైర్యం చెప్తాడు. ఆ ధైర్యం చెప్పే వాక్యాన్ని నేను చదవలేదు. దాటేసి తర్వాతది చదివాను. కళ్ళు వరుస తప్పాయని నన్ను నేను నమ్మించుకోవాలని చాలాసార్లు చూశాను. తప్పలేదు. ఎందుకంటే అక్క అడిగింది.

"ఇక్కడ మరేటో ఉండాలి కదే. అయ్యగారు ఏటేటా సదువుతారు, నాను ఇన్నాను."

"అది యేరే కాడ ఉంది అక్కా. ఇక్కడ నేదు. సూడు కావాలంటే."

పుస్తకం తన వైపు తిప్పి, నేను దాటేసిన ఆ వాక్యం మీదే వేలు పెట్టి, దాని తర్వాతి వాక్యం పైకి చదివాను. అక్క ఆ అక్షరాల వంక కాసేపు చూసింది. తర్వాత నవ్వింది.

"నువ్వు నేదన్నావంటే నేదు" అంది.

పండుగ రోజు పెదనాన్న ఆటోలో వచ్చాడు. చేతికి కట్టు, మీద శాలువా. ముందు బెంచీలో కూర్చోబెట్టారు. పెద్దపిల్లల్ని ముందు పిలిచారు. అక్క లేచింది. దూత వచ్చేదాకా చర్చిలో చప్పుడు లేదు. తర్వాత నేను నేర్పినట్టే దాటేసింది. అమ్మగారు ఆపి, మధ్యలో ఒక వాక్యం పోయింది, మళ్ళీ చెప్పమ్మా అన్నారు. అక్క మళ్ళీ అలాగే చెప్పింది. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. అక్క నా వైపు చూసింది. నేను సరుగుడు కొమ్మ మీద దూదిని చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. తల తిప్పేసరికి అక్క వాళ్ళ నాన్న పక్కన కూర్చుని ఉంది. ఆయన కట్టు లేని చేత్తో తన తల నిమురుతున్నాడు.

ఆ తర్వాత నన్ను పిలిచారు. అప్పుడైనా నేను కూడా ఆ వాక్యం దాటేసి ఉండవచ్చు. నాకా ఆలోచన వచ్చింది. వచ్చినా, అక్క వింటుండగా, పెదనాన్న వింటుండగా, మొత్తం చెప్పాను. ఒక్క అక్షరం పోలేదు.

బొమ్మ నా చేతికి వచ్చింది. అమ్మ అడిగితే అక్క తానే మరిచిపోయానంది. పెద్దమ్మ అడిగినా అదే మాట. నాతో ఏమీ అనలేదు. కొన్నాళ్ళకు దర్జీ దగ్గర ముక్కలు అడిగి తెచ్చి, బొమ్మకు రెండో గౌను కుట్టింది. బొమ్మ ఒళ్ళో పడుకుని కళ్ళు మూసుకుంటే జోల పాడింది. నేను పక్కన కూర్చుని చూశాను. నాకు దానితో ఆడుకోవడం రాలేదు.

మరుసటి క్రిస్మస్‌కు పెదనాన్న లేడు. అక్క మళ్ళీ ఎప్పుడూ చర్చిలో లేచి నిలబడి ఏమీ చెప్పలేదు. ఆ జబ్బు నేను తెచ్చింది కాదు. నాకు తెలుసు. కానీ ఆయన తన కూతురి నోట చివరిసారి విన్న వాక్యాల్లో ఒకటి లేకుండా చేసింది నేనే. అక్కకు తెలుసా? నేను చెప్తుంటే విన్నది కదా, ఎందుకు అడగలేదు? చిన్నపిల్లనని జాలిపడిందా, లేక నమ్మిన మనిషి అలా చేసిందనుకోవడం తనకే కష్టమైందా? ఇన్నేళ్ళూ ఈ ప్రశ్నలు నాలోనే తిరిగాయి.

ఇప్పుడు అక్క పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. మొన్న ఆదివారం కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్లకు ఈసారి సండే స్కూల్లో అదే భాగం ఇచ్చారట. నేర్పమని అడగడానికే వచ్చింది. ఆరోజు చెప్పేయాలనుకున్నాను. టీ ఇచ్చాను. చెప్పలేదు. పిల్ల జడకు రిబ్బను కట్టాను. చెప్పలేదు.

ఇదిగో, ఇక్కడ చెప్పాను. మీరు నన్ను క్షమించాలని అడగడం లేదు. ఆ పని మీది కాదు. రాశాక ఊపిరి మాత్రం కొంచెం నిండుగా వస్తోంది.

ఆ సాయంత్రం పిల్లను నా దగ్గర వదిలి, ఆటో ఎక్కుతూ, కోపం లేని గొంతుతో అక్క నాతో అన్న మాట ఇది.

"దీనికి మాత్రం ఒక్క ముక్కా ఇడిసీకుండా నేర్పు, సెల్లీ."