అరవై మూడో మోడల్‌కి ఆయుధపూజ

సెంబవాంగ్‌లో బసవయ్యను ఎరిగినవాళ్ళెవరూ ఆయన దగ్గర కార్ల ఊసెత్తరు. ఎత్తారా, చేతిలో కాఫీ చల్లారిపోవాల్సిందే. మామూలుగా మనిషి మితభాషి. ఆదోని నుంచి దేశం దాటి ఇక్కడికి వచ్చి, ముప్పై ఏళ్ళు షిప్‌యార్డులో ఫైబర్‌గ్లాస్ పడవలకు మరమ్మతులు చేసి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఇంట్లో ఉప్పు లేదన్నా పప్పు లేదన్నా ఊఁ అని ఊరుకుంటాడు. కానీ కార్వెట్ అన్న మాట చెవిన పడిందంటే పూనకమే. "ఈయన నోటికి తాళం ఉంది, చెవి మాత్రం సెరంగూన్‌లో ఉంది" అంటుంది భార్య రాజకుమారి.

సెరంగూన్ అదే ఊళ్ళో మరో పేట, అక్కడి ఇల్లు డాక్టర్ అఖ్తర్ గారిది. హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పళ్ళ డాక్టరు. ఆయన పోర్టికోలో గుడ్డ కప్పుకుని కూర్చున్నదే ఆ కారు. తెల్లటి కార్వెట్, పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం మోడల్, అమెరికాలో పుట్టింది. కొన్నేళ్ళ కిందట ముందు చక్రం పైన సన్నటి పగులు కనబడితే, ఫైబర్‌గ్లాస్ పని తెలిసిన మనిషి కోసం డాక్టరు గారు ఊరంతా గాలించారు. అలా దొరికాడు బసవయ్య. ఇనుప రేకు లేని కారు కూడా ఉంటుందని ఆయనకు తెలిసింది ఆనాడే. వేళ్ళతో తట్టి చూసి, "ఇది కారు గాదు సార్, చక్రాలుండే పడవ" అన్నాడట. పగులును లోపలివైపు నుంచే అతికి, బయట రంగు మీద గీత కూడా పడనీయలేదు. అప్పటి నుంచి వారం వారం వచ్చి ఇంజన్ తిప్పడం, తుడవడం, మళ్ళీ గుడ్డ కప్పడం ఆయన పని. జీతం కోసమనుకునేరు, ఆ మాటెత్తితే కోపం.

ఇక చరిత్ర మొదలుపెడితే ఆపేదెవరు? యాభై మూడులో మొదటి కార్వెట్లు పుట్టాయి. మూడు వందలే చేశారు, అన్నీ తెల్లవే, దాదాపు చేత్తో చేసినవే. చూడ్డానికి పెళ్ళికొడుకు, పరుగు మాత్రం అంతంతమాత్రం. కొనేవాళ్ళు లేక ఒక దశలో మూత పడేలా కూడా ఉండింది. పెద్ద ఇంజన్ పడ్డాక గానీ పేరుకు తగ్గ ఊపు రాలేదు. తర్వాత అరవై మూడులో ఒళ్ళంతా మార్చి కొత్త రూపం ఇచ్చారు. వెనక అద్దాన్ని నిలువునా రెండు చేసి నడుమ వెన్నెముకలా ఒక పట్టీ పెట్టారు. అందం సరే, వెనక ఏమొస్తోందో డ్రైవరుకు కనబడి చావదు. జనం గోల పెట్టేసరికి మరుసటి ఏడే ఒకటే అద్దం చేశారు.

ఇక్కడికి వచ్చాక బసవయ్య కప్పు కింద పెడతాడు. "అప్పుడు ఏమాయెనంటే, అరవై మూడుది కొనుక్కున్నోళ్ళు కొందరు, అయ్యో మాది పాత మోడల్ అయిపాయెనే అని రంపం తీస్కోని ఆ పట్టీ కోసేసినారు. కొత్త అద్దం పెట్టించుకున్నారు. ఇప్పుడు ఆ పట్టీ ఉండే బండికే గిరాకీ. కోసినోళ్ళు తల కొట్టుకుంటా ఉండారు. ఏం మనుషులప్పా."

డాక్టరు గారి కారు ఆ రంపం పాలబడలేదు. ఇంజన్ పుట్టుకతో వచ్చింది. రంగు ఫ్యాక్టరీలో పూసిందే, అక్కడక్కడ వెలిసిపోయినా దాని మీద మరో పూత పడలేదు. పాత కార్లు కొనేవాళ్ళు ప్రాణం పెట్టేది సరిగ్గా దీనికే. డాక్టరు గారికైతే ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. "కట్టుడు పన్ను ఎంత తెల్లగుంటే ఏంది బసవయ్యా, కట్టుడు పన్నే గదా. పుట్టిన పన్ను పచ్చగున్నా అసలుది" అంటారు.

అలాంటి కారును అమ్మేస్తున్నానని ఒకరోజు ఆయనే అన్నారు. కారణం మోకాళ్ళు. ఆ కారు నేలకు జానెడెత్తున ఉంటుంది. అందులో కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం మరో ఎత్తు. పైగా పాతబండ్ల పర్మిట్టు మీద ఏడాదిలో కొన్ని రోజులే రోడ్డెక్కనిస్తారు, ఆ కొన్ని రోజులూ మోకాళ్ళు ఒప్పుకోవు. ఆయన భార్య మున్నీ ఎప్పటినుంచో పోరుతూనే ఉంది. "కొన్నంక నడపాలె, లేకుంటే అమ్మాలె. చాదర్ కప్పి దర్గా చేసి పెట్టిండ్రు" అని. ఆస్ట్రేలియా నుంచి ఒక ఆసామి ఫొటోలు చూసి మనసు పారేసుకున్నాడు. స్వయంగా వచ్చి, రంగు చూసుకుని, బేరం ముగించుకుంటానన్నాడు.

"మంచిది సార్" అన్నాడు బసవయ్య. ఇంకేమంటాడు? తన సొమ్మా, తన తాత సొమ్మా. ఇంటికి పోయి రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాడు. కింద కాఫీ షాపులో ఎవరో కావాలనే కార్వెట్ మాట ఎత్తితే, "ఆ, ఉంటాయిలే కార్లు" అని లేచి వచ్చేశాడు. అది విన్నాక రాజకుమారికి నిజంగా భయం వేసింది. ఆ కారు పోతే ఈ మనిషికి పొద్దు ఎలా గడుస్తుందో ఆవిడకు అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే దసరా వచ్చింది. డాక్టరు దంపతులు హైదరాబాదులో ఒక పెళ్ళికి వెళ్ళారు. ఇంటి తాళాలు, కారు తాళాలు రెండూ బసవయ్యకే ఇచ్చి వెళ్ళారు. యార్డులో ఉన్నన్నాళ్ళూ మహర్నవమి నాడు గ్రైండర్లకూ బ్రష్షులకూ బొట్టు పెట్టి మొక్కనిదే ఆయన పని ముట్టలేదు. కార్వెట్‌కు మాత్రం ఎన్నడూ పూజ చేయలేదు. పరాయి బండి, పైగా వాళ్ళ పద్ధతి వేరు. కానీ ఈసారి మనసు ఊరుకోలేదు. గడప దాటి పోయేదాన్ని బొట్టు పెట్టకుండా పంపిస్తామా? బానెట్ మీద మూడు విభూతి గీతలు తీర్చాడు. నడుమ పసుపు తడిపి అద్ది, దాని మీద కుంకుమ బొట్టు పెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండిని కాస్త కదిపి తొక్కించాడు. కర్పూరం దూరంగానే వెలిగించాడు, ఆ మాత్రం తెలివి ఉంది. దండం పెట్టుకుని గుడ్డ కప్పేశాడు.

పూజ చేసిన బొట్టును ఆ రోజే తుడిచేయకూడదు గదా, మర్నాడు తుడుద్దామనుకున్నాడు. తానొకటి తలిస్తే దైవమొకటి తలిచినట్టు మర్నాటికి జ్వరం పట్టుకుంది. బయట ఒకటే వాన, గుడ్డ కింద ఒకటే చెమ్మ. జ్వరం తగ్గేసరికి డాక్టరు గారూ వచ్చేశారు, ఆ వెనకే ఆస్ట్రేలియా ఆసామీ వచ్చేశాడు.

గుడ్డ డాక్టరు గారే లాగారు. విభూతి పెచ్చులుగా రాలింది. బసవయ్య పరుగున వచ్చి తడిగుడ్డతో తుడిస్తే కుంకుమ కూడా వచ్చింది. మరక మాత్రం రాలేదు. అరవై ఏళ్ళ పాత రంగు, ఎంత దాహంతో ఉందో ఏమో, మొత్తం తాగేసింది. తెల్లటి బానెట్ నడిమధ్య రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ. బసవయ్యకు ప్రాణం పోయినంత పనయింది. రంపం పట్టినవాళ్ళను చూసి ఇన్నేళ్ళూ నవ్విన మనిషి. వాళ్ళు మాత్రం, బండి మీద ప్రేమ లేకనా కోసింది?

"పాలిష్ చేస్తే పోతుందా?" అని ఆసామి బసవయ్యనే అడిగాడు. పోతుంది అని ఒక్క మాట అంటే బేరం కుదిరిపోయేది. "పోతుంది. కానీ మరకతో పాటు ఆ రంగు గూడా ఒక పొర పోతుంది" అని తనకొచ్చిన ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆసామి చాలాసేపు బానెట్ చుట్టూ తిరిగాడు. చెయ్యి పడని రంగు కోసమే ఇంత దూరం వచ్చానని, చెయ్యి పడ్డవి తన ఊళ్ళోనే దొరుకుతాయని మర్యాదగా చెప్పి, ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయాడు.

మున్నీ గుమ్మంలోంచి తొంగి చూసింది. "బొట్టే గదా. మా దిక్కు ఆటోలన్నిటికీ ఉంటయి. ఇప్పుడు జర మన బండి లెక్క కనబడుతుంది" అని టీ కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

డాక్టరు గారు నవ్వలేదు. ఆమె వెళ్ళేదాకా ఆగి, "బసవయ్యా, ఒకటి అడుగుత, నిజం చెప్పు. బేరం చెడగొట్టాలని పెట్టినవా?" అన్నారు.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఇంటి తాళాలు చేతిలో పెట్టి ఊరెళ్ళిన మనిషి అడుగుతున్న మాట అది. కారు పోతుందని ఇన్నాళ్ళూ బాధపడ్డాడు గానీ, ఇప్పుడు పోయేది అంతకంటే పెద్దదని బసవయ్యకు అర్థమైంది.

"దేవుని తోడు, లేదు సార్. పోయే బండి చల్లగా పోవల్లని పెట్టినా. తుడవాల్సినోన్ని జ్వరమొచ్చి పడుకుంటి. తప్పు నాదే." అక్కడితో ఆపితే సరిపోయేది. ఆయన ఆపలేదు. "కానీ ఇంకోటి గూడా చెప్పల్ల. ఆయప్ప వద్దని లేసి పోయినప్పుడు నాకు సంతోషమాయె సార్. మీ దగ్గర దాచిపెట్టలేను."

డాక్టరు గారు చొక్కా చేతిని వేళ్ళ మీదికి లాక్కుని, బానెట్ మీద ఎవరికీ కనబడని దుమ్మును మెల్లగా తుడిచారు.

"నాక్కూడ" అన్నారు.