మగ్గం మీద పడుగు, చేతిలో టికెట్టు

అత్తాకోడళ్లిద్దరే కలిసి విదేశం పోతున్నారంటే మా కోడుమూరులో నవ్వనివాళ్లు లేరు. టీకొట్టు దగ్గర మా ఆయన్ని పట్టుకుని, "ఏమప్పా, నీ పెండ్లాం మీయమ్మను ఆడే ఇడ్సిపెట్టి వస్తాదేమో, సూసుకో" అని ఆటపట్టించారట. ఆయన ఇంటికొచ్చి ఆ మాట నేరుగా మా అత్తకే చెప్పాడు. ఆమె మగ్గం ఆపకుండానే, "నేనే దాన్ని ఇడ్సిపెట్టి వస్తానేమో అని సెప్పు పో" అంది.

నేను ప్రైవేటు బడిలో టీచర్ని. పెళ్లయ్యేనాటికి నా చదువు డిగ్రీతో ఆగిపోయి ఉంది. బీఈడీ చదవమని పట్టుబట్టింది మా పుట్టింటివాళ్లు కాదు, మా ఆయనా కాదు, మా అత్త. రోజూ వంట చేసి, నాకు సద్ది కట్టి బస్సెక్కించి, ఆ తర్వాతే మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునేది. నా ఫీజులు ఆమె నేసిన చీరల్లోంచే వచ్చాయి. ఆమె మాత్రం పెళ్లికో, చావుకో, ఆసుపత్రికో, మొక్కుకో తప్ప ఊరు దాటి ఎరగదు. ఒక్కసారైనా ఊరికే ఎక్కడికీ పోలేదు. అలాంటి మనిషిని నాలుగు రోజులు ఏ పనీ లేకుండా సముద్రం ఒడ్డున కూర్చోబెట్టాలని నాకు పట్టుకుంది.

"సముద్రం మన దేశంలో లేదా?" అన్నాడు మా ఆయన. ఉంది. కానీ మన దేశంలో అయితే ఒక్క ఫోను వస్తే చాలు, ఆమె మూట కట్టుకుని బస్సెక్కేస్తుంది. శ్రీలంక నుంచి అలా లేచి రాలేదు. అందుకే శ్రీలంక అన్నాను.

ఇక ఎక్కడ విమానం ఎక్కాలన్నది ఇంట్లో పెద్ద రగడ అయింది. ఓర్వకల్లులో విమానాశ్రయం పెట్టుకుని ఎక్కడెక్కడికో పోవడమేంటని మా అత్త వాదన. అక్కడి నుంచి పరాయి దేశానికి విమానాలు లేవంటే, "మరి ఎందుకు కట్టినారు?" అని నన్నే నిలదీసింది, నేనేదో కట్టించినట్టు. మా ఆయన బేతంచెర్లలో బండల పాలిష్ యూనిట్లో లోడు ఎత్తించే పని చూస్తాడు. లారీ డ్రైవర్లతో తిరిగే మనిషి గనక దారులన్నీ తనకే తెలుసంటాడు. బెంగళూరు విమానాశ్రయం ఊరికి ఇవతలే, మన రోడ్డు మీదే ఉంది, బస్సు దిగితే చాలన్నాడు. హైదరాబాదుదీ అదే రోడ్డు, అదీ ఊరికి ఇవతలే. ఈ రెండూ కాదని నేను చెన్నై అన్నాను.

"నీకు కావాల్సింది ఇమానం కాదు, పుట్టిల్లు" అన్నాడాయన. నాకు మండింది. మండడానికి కారణం అది కొంత నిజం కావడమే. మా పుట్టిల్లు కడప దగ్గర కమలాపురం. ముందురోజు అక్కడ పడుకుని, కడపలో రైలెక్కితే చెన్నై. బెంగళూరు టికెట్టు చూడ్డానికి తక్కువే, కానీ ఆ విమానం తెల్లవారకముందే లేస్తుంది. రాత్రి ఎక్కడుండాలి? లాడ్జి, ఆటో కలుపుకుంటే ఆ చౌక ఎటో పోయింది. చెన్నై నుంచి దారీ చిన్నది. ఇదంతా నేను ఫోను చూస్తూ, రోజూ సాయంత్రం నడవలో కూర్చుని గట్టిగా చదివి వినిపించేదాన్ని. దసరా సెలవుల్లో ధరలు మండిపోతున్నాయి. సెలవులయ్యాక, వారం మధ్యలో, అమాంతం దిగాయి. బడికి సెలవు పెడితే పెట్టానని ఒక బుధవారానికి తీసేశాను. అన్నిటికంటే చౌక టికెట్టు అది. పెద్ద సంచి పట్టుకుపోకూడదు, తేదీ మార్చకూడదు, మానుకుంటే రూపాయి వెనక్కి రాదు.

తీసే ముందు మా అత్తనడిగాను. ఆమెకు తారీఖులతో పని లేదు. మగ్గం మీద బిగించిన పడుగు, ఆ నిలువు దారాలు ఎంత మిగిలాయో చూసి, "ఇంగ రెండు సీరలు. దసరా అయిన మూడో నాటికి పడుగు అయిపోతాది. పోదాం" అంది. ఆమె లెక్క ఎన్నడూ తప్పలేదు.

ఆ ఏడు ముసురు పట్టింది. మా ఊళ్లో వాన కోసం మొక్కుతాం తప్ప ఆగమని ఎవరూ కోరం. నేను మాత్రం కోరాను. తేమకు పడుగు దారాలు మెత్తబడి తెగుతున్నాయి. తెగిన ప్రతి దారం వెతికి అతకాలి. ప్రయాణానికి రెండు రోజులుందనగా చివరి చీర ఇంకా సగంలోనే ఉంది. అది పెళ్లి చీర. నూలిచ్చి నేయించుకునే షావుకారుకు ఆ శుక్రవారానికి ఇస్తానని మా అత్త మాటిచ్చింది. ఇంకొకరి చేత నేయిద్దామంటే కుదరదు. అడ్డదారం పడ్డాక పలకతో కొట్టే దెబ్బ ఒకరు గట్టిగా వేస్తారు, ఒకరు మెత్తగా. చెయ్యి మారిన చోట చీరలో గీత గీసినట్టు కనబడిపోతుంది.

"నువ్వూ మీ ఆయనా పోయిరాండి పిల్లా" అంది మా అత్త.

"ఆయన పేరు మీద టికెట్టు లేదత్తా. నీ పేరు మీద ఉంది. బుధవారం నువ్వు రాకపోతే నేనూ పోను. మళ్లీ నిన్ను నేను బయల్దేరదీయలేను, నాకు తెలుసు" అని గొంతు చించుకుని అరిచి, వంటింట్లోకి పోయి ఏడ్చాను. టికెట్టు పోతుందని కాదు. ఆమె ముఖంలో ఎక్కడో చిన్న ఊరట కనిపించింది. పోకుండా ఉండడానికి ఒక సాకు దొరికిన ఊరట. దానికి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే చిన్నత్త వచ్చింది. చిన్నత్త అంటే మా మామ తమ్ముడి భార్య. మా రెండిళ్లూ ఒకప్పుడు ఒకటే. పంపకాల్లో నడవ మధ్య గోడ లేచింది. వెలుతురు బాగా పడే మగ్గం గుంత మా వైపు వచ్చిందని ఆమె అలిగింది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ తోడికోడళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం చూడలేదు. పెళ్లిళ్లలో కూడా చెరో పంక్తిలో కూర్చునేవారు.

చిన్నత్త మా అత్త వైపు చూడలేదు. నాతో అంది: "మీయత్తను లెయ్యమను."

మా అత్త గుంతలోంచి మెల్లగా లేచింది. చిన్నత్త కొంగు బిగించి అక్కడే కూర్చుంది. రెండు దారాలు అతికింది, అడ్డదారం చుట్టిన నాడె విసిరింది. నాలుగు దెబ్బలు వేసి, వేలితో తడిమి చూసుకుంది.

"నీకెట్ల తెలిసింది చిన్నత్తా?" అన్నాను.

"బుధవారం, చెన్నై, సంచి పట్టుకపోకూడదు. రెండు నెలల్నుంచి ఇంటాండా గదా. గోడకవతల నేనేమన్నా చెవిటిదాన్నా? పొండి, బట్టలు సర్దుకోండి."

కొత్తకోడళ్లుగా వాళ్లిద్దరూ ఒకే అత్త దగ్గర, ఒకే మగ్గం మీద పని నేర్చుకున్నారని ఆ రోజే నాకు తెలిసింది. ఒకామె పొయ్యి దగ్గరికి పోతే ఇంకొకామె కూర్చుని నేసేదట. అలా ఎన్ని చీరలు దిగాయో వాళ్లకే తెలియదు. మా అత్త చాలాసేపు గుమ్మం పట్టుకుని నిలబడి ఆ చేతుల్నే చూసింది. లోపలికి పోయి టీ పెట్టి, గ్లాసు నా చేతికిచ్చి, "ఇచ్చిరా" అంది.

శ్రీలంకలోనూ మబ్బే. అయినా మా అత్త మూడు రోజులు సముద్రం ముందు నుంచి కదల్లేదు. మొదటి రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు అంచు పోగులు సరిచేస్తూ కూర్చుంది. మూడో రోజుకు చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి. అది చూడ్డానికే నేనంత దూరం పోయాను. చిన్నత్తకు ఎన్ని దండాలు పెట్టుకున్నానో నాకే తెలియదు.

శుక్రవారం సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. షావుకారు చీరను వెలుగుకు పట్టి రెండుసార్లు చూసి, బాగుందని తీసుకుపోయాడట. ఆ మాట మా అత్తకు చెప్పాను. ఆమె తలూపింది.

"పిల్లా, మల్లా టికెట్లు సూసేటప్పుడు ముగ్గురికి సూడు."

"చిన్నత్త నీతో మాట్లాడదు కదత్తా."

"మాట్లాడకపోతే పాయ. ఈడ నా పక్కన కూసుంటే సాలు."